సంఘం వాట్సాప్ గ్రూపులో సమాచారం పొంగిపొర్లుతోంది, సభ్యులు నేర్చుకుంటున్నది మాత్రం తక్కువ: ఏం చేయాలి?

ప్రశ్న: సంఘ కార్యదర్శి, కర్నూలు

అందరికీ నమస్కారం. నేను కర్నూలు జిల్లాలోని ఒక పన్ను సలహాదారుల సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ప్రాంతాల్లో వ్యాపారులకు జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టేవారు, మిల్లుల్లోనూ అంగళ్లలోనూ లెక్కలు రాసే గుమాస్తాలు, కొందరు చార్టర్డ్ అకౌంటెంట్లు కలిపి రెండు వందల పైచిలుకు సభ్యులున్నారు. రుసుము కట్టి చేరినవారికి సంఘం ఇవ్వగలిగినది ప్రధానంగా ఒక్కటే: మారుతూ ఉండే చట్టాన్ని సకాలంలో, సరిగ్గా తెలుసుకొనే వీలు. ఆ ఒక్క పనీ మేము సరిగా చేయలేకపోతున్నామని నా బాధ.

మాకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో రోజూ పదుల కొద్దీ సందేశాలు వస్తాయి. 2025 సెప్టెంబరులో దాని పరిస్థితి బాగా బయటపడింది. ఆ నెల 3న జీఎస్టీ కౌన్సిల్ 12, 28 శాతం శ్లాబులను చాలావరకు తీసివేసి, ఎక్కువ సరుకులను 5, 18 శాతాల్లోకి మార్చాలని నిర్ణయించింది. రేట్ల నోటిఫికేషన్లు 17న వెలువడ్డాయి, 22 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ మధ్య రోజుల్లో పత్రికల పట్టికలు, టీవీ చానళ్ల పట్టికలు, ఎవరు తయారుచేశారో తెలియని పీడీఎఫ్‌లు గ్రూపును ముంచెత్తాయి. ఒకే సరుకుకు రెండు పట్టికల్లో రెండు రేట్లు కనిపించాయి. అదే సమయంలో ఎమ్మిగనూరు సభ్యుడొకరు చాలా మంచి ప్రశ్న అడిగారు: "మా క్లయింటు మరమ్మతు పని సెప్టెంబరు 20న పూర్తి చేశాడు, బిల్లు 25న ఇస్తున్నాడు, డబ్బు అక్టోబరులో వస్తుంది. పాత రేటు వేయాలా, కొత్త రేటు వేయాలా?" ఒకరు పాతదన్నారు, ఒకరు కొత్తదన్నారు, ఇద్దరూ కారణం చెప్పలేదు. తరువాత ఎవరిదో పుట్టినరోజు వచ్చింది, శుభాకాంక్షల కింద ఆ ప్రశ్న కొట్టుకుపోయింది.

నెలకొకసారి కర్నూలులో సమావేశం పెడుతున్నాము గాని, ఆదోని నుంచి వచ్చి వెళ్లాలంటే రోజంతా పోతుంది కనుక దూరపు సభ్యులు రావడం లేదు. దీనికి తోడు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. ఇన్నేళ్లుగా నోటికి వచ్చిన సెక్షన్ల నంబర్లన్నీ మళ్లీ నేర్చుకోవలసిందే. వాట్సాప్‌ను వదిలి టెలిగ్రామ్‌కు మారాలా, ఫేస్‌బుక్ గ్రూపు పెట్టాలా, యూట్యూబ్‌లో పాఠాలు పెట్టాలా, లేక ఉన్నదానినే వేరే విధంగా నడపాలా? సంఘాలను నడిపిన అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: పన్ను సలహాదారు, ప్రొద్దుటూరు

కార్యదర్శి గారికి నమస్కారం. ముందుగా ఎమ్మిగనూరు సభ్యుడి ప్రశ్నకు జవాబు చెప్పి తరువాత మీ ప్రశ్నలోకి వస్తాను. రేటు మారినప్పుడు సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 14వ సెక్షన్ చూడాలి. సేవ పూర్తయిన తేదీ, బిల్లు తేదీ, డబ్బు అందిన తేదీ, ఈ మూడింటిలో ఏ రెండు మార్పుకు ఒకే వైపు ఉంటే సేవలకు ఆ వైపు రేటు వర్తిస్తుంది. ఆయన విషయంలో పని మాత్రమే 22వ తేదీకి ముందు పూర్తయింది, బిల్లు, డబ్బు రెండూ తరువాతివి, కాబట్టి కొత్త రేటు. ఇది మూడు వాక్యాల జవాబు. మీ గ్రూపులో దీన్ని రాయగలిగినవారు కనీసం ఇరవై మంది ఉండి ఉంటారు. అయినా ఎవరూ రాయలేదంటే, రాయవలసిన బాధ్యత ఎవరిదో అక్కడ తేలలేదని నేను అర్థం చేసుకుంటున్నాను. టెలిగ్రామ్‌కు మారినా, ఫేస్‌బుక్‌కు మారినా ఈ లోపం మీ వెంటే వస్తుంది.

మా సంఘంలో వారానికి ఇద్దరు సభ్యులు వంతుల ప్రకారం ప్రశ్నల బాధ్యత తీసుకుంటారు. ఆ వారం వచ్చిన ప్రతి ప్రశ్నకు వారిలో ఒకరు "ఇది నేను చూస్తాను" అని ఆ సందేశం కిందనే రాస్తారు. జవాబు వారే చెప్పాలన్న నియమం లేదు. తెలిసినవారిని అడిగి రాయించవచ్చు, సమావేశానికి వాయిదా వేయవచ్చు, కాని ప్రశ్నను గాలికి వదలకూడదు. జవాబులో సెక్షన్ లేదా నోటిఫికేషన్ నంబరు, మన అంగళ్లలో జరిగే ఒక ఉదాహరణ, జవాబు రాసిన తేదీ తప్పనిసరిగా ఉండాలి. ముగిసిన ప్రశ్నను గూగుల్ షీటులో ఒక వరుసగా ఎక్కిస్తాము. ఆ షీటు లింకును గ్రూపు పైభాగంలో పిన్ చేసి ఉంచుతాము.

తేదీ మీద నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కొనుగోలు బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును అమ్మకాలపై కట్టవలసిన పన్నులో తగ్గించుకొనే వీలు) ఎప్పటిలోగా తీసుకోవాలన్న ప్రశ్ననే చూడండి. ఒకప్పుడు దీనికి జవాబు, తరువాతి ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు నెల రిటర్ను గడువు. 2022 అక్టోబరు 1 నుంచి అది నవంబరు 30 అయింది. వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేస్తే ఆ తేదీయే గడువు. తరువాత 2024లో 16వ సెక్షన్‌కు 5వ ఉపవిభాగం చేర్చి, 2017-18 నుంచి 2020-21 వరకు ఉన్న సంవత్సరాల బిల్లులకు 2021 నవంబరు 30లోగా వేసిన రిటర్నుల్లో తీసుకున్న క్రెడిట్‌ను గడువు కారణంతో తోసిపుచ్చకుండా చేశారు. అంటే ఒకే ప్రశ్నకు మూడు జవాబులున్నాయి, మూడూ తమ తమ కాలానికి సరైనవే. వాట్సాప్‌లో వెతికితే ఈ మూడింటిలో ఏది ముందు కనబడుతుందో చెప్పలేము. నిన్న మొన్న ఈ వృత్తిలోకి వచ్చిన కుర్రవాడు 2021 నాటి సందేశం చదివి క్లయింటుకు సలహా చెబితే, దానివల్ల ఆ వ్యాపారి డబ్బు పోతుంది. అందుకే మేము పాత జవాబులను చెరిపివేయము, "2022 అక్టోబరు నుంచి మారింది" అని పక్క గడిలో రాస్తాము. పాత సంవత్సరాలకు ఇప్పటికీ నోటీసులు వస్తూనే ఉన్నాయి, ఆ నోటీసుకు సమాధానం రాయాలంటే ఆనాటి నియమమే కావాలి.

ఇక గ్రూపు అమరిక. వాట్సాప్‌లో 2022 నుంచి కమ్యూనిటీ సదుపాయం ఉంది కనుక ఒకే కమ్యూనిటీ కింద అడ్మిన్లు మాత్రమే రాసే ప్రకటనల గ్రూపు, ప్రశ్నల గ్రూపు, కుశల ప్రశ్నలకూ శుభాకాంక్షలకూ వేరే గ్రూపు పెట్టుకోండి. శుభాకాంక్షలను నిషేధించవద్దని నా విన్నపం. సంఘంలో చేరేవారు చట్టం కోసమే చేరరు, పది మందితో పరిచయం కోసం కూడా చేరతారు. ఆ పరిచయం లేనిచోట ప్రశ్న అడిగే చొరవ కూడా రాదు. ఫార్వర్డుల విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. నోటిఫికేషన్ నంబరు, తేదీ లేని పట్టిక ఏదైనా సరే, ఎంతటి పెద్దవారు పంపినా సరే, తొలగించండి.

జవాబు: వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం

ప్రొద్దుటూరు మిత్రులు చెప్పిన ప్రశ్నల షీటు పద్ధతి నాకు చాలా నచ్చింది. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. ప్రశ్న రాగానే వంతు సభ్యుడు జవాబు ఇచ్చేస్తే, అడిగిన ఒక్కరి పని తీరుతుంది, మిగతావారు చదివి ఊరుకుంటారు. ఒక రోజు పాటు ప్రశ్నను తెరిచి ఉంచి, "మీరైతే ఏ సెక్షన్ చూస్తారు?" అని అడగండి. తప్పైనా ఒక ప్రయత్నం చేసి, ఆ తరువాత సరైన జవాబు చూసినవారికి అది గుర్తుంటుంది. మరుసటి రోజే గడువు ఉన్న అత్యవసర ప్రశ్నలకు ఈ పద్ధతి పనికిరాదని వేరే చెప్పనవసరం లేదు.

దీనికి పరిశోధనల ఆధారం ఉంది. రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో బాగా రాశారు. కాని వారం తరువాత పెట్టిన పరీక్షలో, చదివినదాన్ని చూడకుండా గుర్తు తెచ్చుకొని రాసినవారు వారిని మించిపోయారు. మీ గ్రూపులో పీడీఎఫ్‌లు చదువుతున్నవారి స్థితి మొదటి రకం విద్యార్థుల స్థితి. చదివినప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, క్లయింటు ఎదురుగా కూర్చున్నప్పుడు ఏదీ గుర్తుకు రాదు.

కాబట్టి వారానికి మూడే మూడు ప్రశ్నలతో చిన్న క్విజ్ పెట్టండి. ఉదాహరణకు, "2025 జనవరి నాటి కొనుగోలు బిల్లు ఒకటి లెక్కల్లో ఎక్కకుండా బీరువాలో దొరికింది. వార్షిక రిటర్ను ఇంకా వేయలేదు. దీని క్రెడిట్ ఎప్పటి వరకు తీసుకోవచ్చు?" అని అడిగి, 2025 మార్చి 31, 2025 అక్టోబరు 20, 2025 నవంబరు 30, 2025 డిసెంబరు 31 అని నాలుగు జవాబులివ్వండి. చాలామంది డిసెంబరు 31 వైపు మొగ్గుతారు, ఎందుకంటే అది వార్షిక రిటర్ను గడువుగా వారి మనసులో నాటుకుపోయి ఉంటుంది. సరైనది నవంబరు 30 అని, పొరపాటు ఎక్కడ జరిగిందని రెండు వాక్యాల్లో వివరిస్తే, ఆ రెండు తేదీల తేడా ఇక మరచిపోరు. టెలిగ్రామ్‌లో 2020 నుంచి క్విజ్ పోల్ ఉంది, నొక్కిన వెంటనే సరైన జవాబును, వివరణను చూపిస్తుంది. గూగుల్ ఫారంతోనూ ఇదే పని చేయవచ్చు, లింకును వాట్సాప్‌లోనే పంపవచ్చు. మార్కుల పట్టిక మాత్రం గ్రూపులో ప్రకటించవద్దు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న పెద్దాయనకు ఒక మార్కు వచ్చిందని అందరికీ తెలిస్తే, మరుసటి వారం ఆయన క్విజ్ వైపు చూడరు.

మాట్లాడని సభ్యుల గురించి కూడా ఒక మాట. ఆన్‌లైన్ సమూహాల్లో సుమారు 90 శాతం మంది చదివి ఊరుకుంటారని, 9 శాతం అప్పుడప్పుడు రాస్తారని, 1 శాతమే ఎక్కువగా రాస్తారని జేకబ్ నీల్సన్ 2006లో రాశారు. మీ గ్రూపులోనూ ఇంచుమించు ఇలాగే ఉంటే దిగులు పడనవసరం లేదు. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో వృత్తివిద్య గురించి చెబుతూ లైబీరియాలోని దర్జీలను ఉదాహరణగా తీసుకున్నారు. అక్కడ కొత్తగా చేరిన శిష్యుడు గుండీలు కుట్టడం, అంచులు మడవడం వంటి చివరి పనులతో మొదలుపెట్టి, కుట్టడం నేర్చి, ఆ పైన బట్ట కత్తిరించడానికి వస్తాడు. అంచున ఉండి చూడటం కూడా నేర్చుకోవడంలో భాగమే. మన గుమాస్తాలు బిల్లులు ఎక్కించడంతో మొదలుపెట్టి రిటర్నుల దాకా వచ్చేది ఈ దారిలోనే కదా. అయితే అంచున ఉన్నవారికి లోపలికి రావడానికి చిన్న పనులు ఉండాలి. మీ గ్రూపులో గట్టి జవాబు రాయడం, లేదా మౌనంగా ఉండటం, ఈ రెండే ఉన్నాయి.

దూరపు సభ్యుల కోసం నెలసరి సమావేశాన్ని గూగుల్ మీట్‌లోనూ నడపండి. ఉచిత ఖాతాలో ముగ్గురికి మించి ఉన్నా 60 నిమిషాల వరకు మాట్లాడవచ్చు, అది చాలు. రికార్డు చేసుకుంటే, దానిని మాత్రం అలాగే యూట్యూబ్‌లో పెట్టవద్దు. గంట వీడియోలో తమకు కావలసిన నాలుగు నిమిషాలు వెతుక్కొనే ఓపిక ఎవరికీ ఉండదు. ఒక్కో ప్రశ్నను విడిగా కత్తిరించండి, లేదా కనీసం వివరణలో 0:00 నుంచి మొదలుపెట్టి ఏ నిమిషంలో ఏ విషయం ఉందో రాయండి, యూట్యూబ్ దానిని అధ్యాయాలుగా విడదీసి చూపిస్తుంది. 11, 20, 22 తేదీల చుట్టూ ఏ కార్యక్రమమూ పెట్టవద్దు. రిటర్నుల హడావుడిలో ఉన్నవారి తలకు ఏ పాఠమూ ఎక్కదు.

జవాబు: జూనియర్ సలహాదారు, ఆదోని

నేను ఈ వృత్తిలోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. పెద్దలు చెప్పినవాటికి, మౌనంగా ఉండే సభ్యురాలిగా నా వైపు నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను. మేము ప్రశ్న అడగకపోవడానికి బద్ధకం కారణం కాదు సార్. ఒకే ఊళ్లో పనిచేసే పది మంది సీనియర్లు చూస్తుండగా "ఇంత చిన్న విషయం కూడా తెలియదా" అనిపించుకోవాలని ఎవరికీ ఉండదు. ఆ మాట ఎవరూ పైకి అనకపోవచ్చు, కాని రేపు క్లయింటు మమ్మల్ని వదిలి వారి దగ్గరకే వెళ్తే ఆ ప్రశ్న అక్కడ గుర్తుకు వస్తుందేమోనన్న భయం ఉంటుంది. పేరు, ఈమెయిలు అడగని గూగుల్ ఫారం ఒకటి పెట్టి, అందులో వచ్చిన ప్రశ్నలను వంతు సభ్యులు తమ చేతుల మీదుగా గ్రూపులో పెడితే మాలాంటివారు తప్పకుండా అడుగుతారు. గ్రూపులో అందరికీ ఫోన్ నంబరు కనిపిస్తుందని చేరని అమ్మాయిలు కూడా నాకు తెలుసు. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకొనే వీలుంది కనుక వారికి అది మేలు.

రెండో విషయం స్క్రీన్‌షాట్ల గురించి. జీఎస్టీ పోర్టల్‌లో ఏదైనా ఇబ్బంది రాగానే చాలామంది క్లయింటు పేరు మీద గీత గీసి స్క్రీన్‌షాట్ పెట్టేస్తారు, జీఎస్టీ నంబరును అలాగే వదిలేస్తారు. ఆ 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రం సంకేతం, మన ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తరువాతి పది అక్షరాలు ఆ వ్యాపారి పాన్ నంబరే. మొత్తం నంబరును పోర్టల్‌లో వెతికితే అంగడి పేరు, చిరునామా ఎవరికైనా కనిపిస్తాయి. పేరు కొట్టివేసి నంబరు ఉంచితే ఏమీ దాచనట్టే. వ్యాపారులు తమ లెక్కలను మనల్ని నమ్మి ఇస్తారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవడం కూడా సంఘం నేర్పవలసిన పాఠమే. అందుకే నేను స్క్రీన్‌షాట్ వద్దని, ప్రశ్నను మాటల్లో రాయమని అంటాను. మాటల్లో రాసేటప్పుడే సగం సందేహం తీరిపోతుంది కూడా.

ఊరిని బట్టి వచ్చే జ్ఞానం గురించి కూడా ఆలోచించండి. మా ఆదోనిలో జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) లెక్కలు రాసే ఏ గుమాస్తానైనా అడగండి, రైతు దగ్గర ముడి పత్తి కొంటే రివర్స్ చార్జి కింద, అమ్మినవారికి బదులు, పన్ను మిల్లే కట్టాలని, ఆ నియమం 2017 నవంబరు 15 నుంచి ఉందని, స్వీయ బిల్లు (కొన్నవారే రాసుకొనే బిల్లు) ఎలా తయారుచేయాలో కూడా చెప్తాడు. కర్నూలులో చదువుకున్న సీనియర్లలో కొందరికి ఇది పుస్తకంలో తెలుసు, చేతితో చేసినది కాదు. ఆ గుమాస్తా ఎప్పుడూ గ్రూపులో రాయడు. ఫోనులో పది నిమిషాలు మాట్లాడించి, ఆ మాటను ఆడియోగా పెట్టండి. అతని దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

కార్యదర్శి, కర్నూలు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆదోని చెల్లెమ్మ చెప్పిన ఫారం, స్క్రీన్‌షాట్ నియమం ఈ వారమే అమలు చేస్తాను. మూడు గ్రూపులుగా విడదీసే విషయాన్ని కార్యవర్గం ముందు పెడతాను. రెండు సందేహాలు మిగిలాయి. అరవై దాటిన సభ్యులు ఇంకో యాప్ వేసుకోవడానికి ఒప్పుకోరు, వారిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. రెండోది, షీటు నింపే పనికి సమావేశంలో అందరూ సరేనంటారు, రెండు నెలలు తిరిగేసరికి అది ఒక్కరి నెత్తిన పడుతుంది. దీనిని మీరు ఎలా నిలబెట్టారు?

జవాబు: పన్ను సలహాదారు, ప్రొద్దుటూరు

పెద్దవారిని కొత్త యాప్‌లోకి లాగవద్దు. ప్రశ్నలూ జవాబులూ వాట్సాప్‌లోనే ఉండనివ్వండి, క్విజ్‌ను గూగుల్ ఫారం లింకుగా అక్కడికే పంపండి. టెలిగ్రామ్ కావాలనుకున్నవారికి అది అదనపు సదుపాయంగా ఉంటే చాలు, అక్కడ తేలిన ఏ జవాబైనా షీటులోకి రావాలి.

షీటు రాసే పని మేము సీనియర్లకు ఇవ్వలేదు. అనంతపురం మాస్టారు చెప్పిన శిష్యుల పద్ధతిలాగే, కొత్తగా చేరిన సభ్యులు ఇద్దరిద్దరు చొప్పున మూడు నెలలు రాస్తారు. సీనియర్ చేయవలసింది సెక్షన్ నంబరు, తేదీ సరిచూడటం మాత్రమే, అది వారానికి అరగంట పని. రాసిన కుర్రవాడికి ఆ మూడు నెలల్లో వచ్చిన ప్రశ్నలన్నీ చేతికి వస్తాయి కనుక అతనికి అది భారంగా ఉండదు. వార్షిక సమావేశంలో రాసినవారి పేర్లు చదివి, మరుసటి ఏడాది సభ్యత్వ రుసుములో సగం తగ్గిస్తాము.

ఇంకొక్కటి మొదటి రోజే చూసుకోండి. షీటు, ఫారం, యూట్యూబ్ చానల్ మూడూ సంఘం పేరున తెరిచిన గూగుల్ ఖాతాలో ఉండాలి, పాస్‌వర్డు కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి దగ్గరా ఉండాలి, బాధ్యతలు అప్పగించే పత్రంలో ఆ ఖాతా వివరం కూడా రాయాలి. కార్యవర్గం మారినప్పుడు ఒకరి సొంత ఖాతాలో ఉన్న దస్త్రాలు అందకుండా పోయిన సంఘాలు నాకు తెలుసు. మా షీటు నమూనా కావాలంటే, క్లయింట్ల వివరాలేమీ లేని ఖాళీ ప్రతిని ఇక్కడే పెడతాను. 22వ తేదీ దాటాక మొదలుపెట్టండి.